బోర్డు మీద లేని కాగితం

ఐలా కెస్కిటాలో ఉద్యోగ ప్రకటనలు చదవదు. ఎవరైనా తెచ్చి చూపిస్తే నవ్వి పక్కన పెడుతుంది. "ప్రకటన పడిందంటే ఆ పని అప్పటికే ఎవరి మేనల్లుడికో ఇచ్చేశారన్నమాట. మన చేత దరఖాస్తులు రాయించడం ఊరికే లాంఛనం," అంటుంది. ఆమె చదివేది మా గ్రంథాలయం గుమ్మం పక్కనున్న నోటీసు బోర్డు. అక్కడ కూడా ఉన్న కాగితాల కంటే లేని కాగితాల మీదే ఆమె కన్ను.

నేను ఆ గ్రంథాలయాన్ని నడుపుతున్నాను. ఎగువ మిచిగన్‌లో, రాగి గనులు మూతపడి చాలాకాలమైన ఆల్డర్ ఫోర్క్ మా ఊరు. బోర్డు మీద కాగితాలు గుచ్చేదీ, గడువు దాటాక పీకేదీ నేనే. అయినా ఆ బోర్డును ఐలా చదివినట్టు నేనెప్పుడూ చదవలేదు.

ఆమె ఒకప్పుడు మా ఊరి పేపర్లో విలేకరి. జిల్లా పాలన చూసే కౌంటీ కమిషనర్ల సమావేశానికి ఇరవై ఏళ్లకు పైగా ఒక్కతే వెళ్లి ముందు వరసలో కూర్చుంది. ఆ పేపరు దానంతటది చావలేదు, చంపారు. మా ఊరు పటంలో ఎక్కడుందో తెలియని ఒక పెట్టుబడి కంపెనీ దాన్ని కొని, ముందు అచ్చు యంత్రం అమ్మింది, తర్వాత భవనం అమ్మింది, చివరికి మనుషుల్ని ఇంటికి పంపింది. ఇప్పుడా భవనంలో మంచు మీద నడిపే స్నోమొబైళ్లు అద్దెకిస్తారు. కుర్రవాళ్లు వలస పోయారు. యాభై ఆరేళ్ల ఐలా ఎక్కడికి పోతుంది? గ్రీన్ బేలో ఉన్న చెల్లెలు మాత్రం ఫోను చేసినప్పుడల్లా ఒకటే పాట. "కింద గది ఖాళీగా ఉంది, వచ్చెయ్యి. చీజ్ ప్యాకింగులో మా సూపర్‌వైజరుకి చెప్పి వేయిస్తా. ఇంకా ఏం రాస్తావే అక్కడ, మంచు మీద వేలితోనా?"

"వేలితో రాసినా నాదే రాత," అనేది ఐలా. కానీ ఫోను పెట్టేశాక చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసేది. ఈ ఊళ్లో, రాసుకుంటూ బతకగలదా లేదా అన్నదే అప్పటినుంచి ఆమె ముందున్న ప్రశ్న.

ఆమె పని పట్టే తీరు చెప్తాను. పరపతి సంఘం వాళ్లు మూడు నెలలకోసారి వేసే పత్రిక ఒకసారి రాలేదు. మామూలు మనుషులు గమనించరు. ఐలా గమనించి, దాన్ని రాసే గుమాస్తా రిటైరైందని ఆరా తీసి, నేరుగా వెళ్లింది. "పని ఉందా?" అని అడగలేదు. ఆ మాట అడిగితే లేదనడం తేలిక. "ఇది ఇప్పుడు ఎవరు రాస్తున్నారు?" అని అడిగింది. వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పని దొరికింది. ఒక వ్యాపారం బోర్డు కొత్త రంగు వేసుకుంటే, ఒక దుకాణం చేతులు మారితే, ఒక సంఘం వార్షికోత్సవానికి సిద్ధమైతే, వాళ్లకి మాటలు కావాలి. తమకు మాటలు కావాలన్న సంగతి వాళ్లకే ఇంకా తెలియదు. ఆ తెలియని సమయంలోనే ఐలా గుమ్మంలో ఉండేది.

ఎప్పుడూ గురి తగిలిందని కాదు. మొదట్లో, మాంసం కూరి కాల్చే పాస్టీల కొట్టు మెనూ కార్డు తప్పులన్నీ ఎర్ర సిరాతో దిద్ది పట్టుకెళ్లింది, తన పనితనం చూపిద్దామని. కొట్టాయన కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది మా అమ్మ రాసింది. పోయి రెండేళ్లయింది."

"అయ్యో, నాకు తెలియదండీ."

"తెలిస్తే నల్ల సిరాతో దిద్దేదానివా?"

అయినా ఒక పాస్టీ వేడిగా చేతిలో పెట్టి పంపించాడట. ఆ మర్నాటి నుంచి ఐలా సంచిలో ఎర్ర పెన్ను లేదు. దిద్దడం మానేసి అడగడం నేర్చుకుంది.

పేపరు పోయాక ఒక ఏడాది జనవరి ఆఖరున ట్రీనా పోమ్రాయ్ గ్రంథాలయానికి వచ్చింది. స్కూలు బస్సు నడుపుతుంది. మేలో మొదటి కాన్పు. బూట్లకంటిన మంచు దులిపి, బోర్డు ముందు నిలబడి పైనుంచి కిందికి వెతికింది.

"లినెట్ గారూ, కాన్పు తరగతుల కాగితం ఏదీ? ఆసుపత్రి వాళ్లది. మా అక్క ఇక్కడే చూసి చేరింది."

"కొత్త సంవత్సరం రాగానే తెచ్చి ఇచ్చేవాళ్లు. ఈసారి ఇంకా రాలేదమ్మా."

"తొందరగా తెమ్మనండి. బస్సులో పిల్లలు పందేలు కాస్తున్నారు, నేను స్టీరింగు దగ్గరే కనేస్తానని. వెనక సీటు వెధవలు పేర్లు కూడా పెట్టేశారు."

నవ్వుతూనే వెళ్లింది. కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్న ఐలా తల ఎత్తింది.

"ఏమే లినెట్, ఆ కాగితం ఎవరు రాసేవాళ్లు?"

"వార్డు పెద్ద నర్సు బెర్నిస్. క్రిస్మస్ ముందు రిటైరైంది."

ఐలా కళ్లలో వెలుగు నాకిప్పటికీ గుర్తుంది. బెర్నిస్ వెళ్లింది, కాగితం ఆగింది, రాసే మనిషి లేదు. అంటే అక్కడ పని ఉంది. ఆమె లెక్కలో ఇంతకాలం తప్పు దొర్లలేదు. ఆసుపత్రి లాంటి చోటు దొరికితే ఏడాది పొడుగునా రాయడమే. చెల్లెలికి శాశ్వతంగా సమాధానం చెప్పవచ్చు. మర్నాడు మంచి కోటు వేసుకుని వెళ్లింది.

ఆసుపత్రి మేనేజరు గదిలో ఏం జరిగిందో అంతా అయిపోయాక నాకు చెప్పింది. ఆసుపత్రి భవనం కౌంటీది. నడిపేది మాత్రం వేరే రాష్ట్రాల్లో కూడా ఆసుపత్రులున్న ఒక కంపెనీ. వాళ్ల తరఫున ఇక్కడ మేనేజరు వెండెల్ క్రోస్. మర్యాద తెలిసిన మనిషే. కాఫీ పోసి ఇచ్చాడు.

"కాన్పుల వార్డు కాగితాల సంగతి మాట్లాడదామని వచ్చానండీ," అంది ఐలా.

అతని చెయ్యి కప్పు మీదే ఆగిపోయింది. లేచి తలుపు మూసి వచ్చాడు.

"మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. లైబ్రరీలో బోర్డు చూసి తెలుసుకున్నాను."

"బోర్డు చూసా? ఎంతవరకు తెలుసు?"

"బెర్నిస్ వెళ్లాక ఆవిడ చోటులో ఎవరినీ పెట్టలేదని తెలుసు. ఇప్పుడు మీకు రాయాల్సింది చాలా ఉంటుందని తెలుసు."

క్రోస్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "నిజమే, చాలా రాయాలి. పెద్ద ఊళ్లో రాసేవాళ్లకిస్తే ఈ ఊరి మాట వాళ్లకి రాదు. ప్రకటన వేసి మనిషిని పెట్టుకునే పని కూడా కాదు. మీరే రావడం మంచిదైంది. ముందు నాకో మాటివ్వండి. ఇక్కడ విన్నది ఈ గది దాటకూడదు."

ఇలాంటి మాట అడగని యజమాని ఐలాకు ఎప్పుడూ తగల్లేదు. ఆమె చేత ప్రకటనలు రాయించుకున్న పడవలవాడు కూడా అడిగాడు, కొత్త పడవ రంగు బయటపెట్టొద్దని. ఐలా మాటిచ్చింది. అప్పుడు క్రోస్ అసలు సంగతి చెప్పాడు. ఏప్రిల్ నుంచి వార్డు ఉండదు. కాన్పులన్నీ మార్కెట్ అనే పట్నంలోని పెద్ద ఆసుపత్రికి, మంచు లేని రోజున కారులో రెండు గంటల దూరం. వార్డులో నర్సులకు కూడా ఇంకా చెప్పలేదు. జనానికీ, నర్సులకూ, కమిషనర్లకూ వేర్వేరు ప్రకటనలు సిద్ధంగా ఉండాలి. ఎందులోనూ 'మూసేస్తున్నాం' అన్న మాట రాకూడదు. 'తల్లుల సంరక్షణ కొత్త దశలోకి' అన్నట్టుగా ఉండాలి. ఇది బాగా కుదిరితే కంపెనీ ఆసుపత్రులన్నిటికీ రాసే కాంట్రాక్టు, ఏడాదికి.

రాసే మనిషి లేదనుకుని వెళ్లింది ఐలా. అక్కడ వార్డే లేకుండా పోతోంది.

ఈ సంగతి ఆలోచించినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. పనులు ప్రకటించకుండా పంచుకునేవాళ్లు, పనులు పోవడాన్ని కూడా ప్రకటించకుండానే కానిస్తారు. ఆ అలవాటూ ఈ అలవాటూ ఒక్కటే. తలుపు మూసిన గదిలో నలుగురు పరిచయస్తులు కూర్చుని ఎవరికి బువ్వ దొరకాలో తేలుస్తారు. అదే గదిలో ఎవరి బిడ్డ ఎక్కడ పుట్టాలో కూడా తేలుస్తారు. ఊళ్లో పేపరుంటే ఎవరో ఒకరు ఆ తలుపు తట్టేవారు. పేపరుండగా తట్టిన మనిషినే ఇప్పుడు లోపలికి పిలిచి కుర్చీ వేశారు.

అప్పుడు నాకివేవీ తెలియవు. మూడో రోజున ఐలా వచ్చి కిటికీ బల్ల దగ్గర కూర్చుంది.

"పని దొరికింది," అంది.

"దొరికితే మొహం అలా పెట్టావేం, అయినవాళ్లు పోయినట్టు?"

"ఏమిటని అడక్కు. మాటిచ్చాను."

ఆ వారమంతా వచ్చింది. రాసేది, చదివేది, కొట్టేసేది. ఇంటి నుంచి తెచ్చుకున్న రై రొట్టె సంచిలోనే ఎండిపోయేది. తర్వాత చెప్పింది: "నాకు చేతకాలేదనుకున్నావా? చాలా బాగా వచ్చింది లినెట్. చదివితే వార్డు మూసేస్తున్నట్టే అనిపించదు, ఏదో పండగ చేస్తున్నట్టుంటుంది. అంత బాగా రాయగలనని చూసుకునే నాకు భయం వేసింది."

చెల్లెలికి కూడా చెప్పేసింది, కాంట్రాక్టు వస్తోందని. చెల్లెలు కింద గది ఎవరికో అద్దెకిచ్చేస్తానంది.

శుక్రవారం బస్సులో పిల్లల్ని దింపేసి ట్రీనా మళ్లీ వచ్చింది.

"వచ్చిందా కాగితం?"

"రాలేదమ్మా. ఆసుపత్రికి ఫోను చేసి కనుక్కోకపోయావా?"

"చేశాను. 'త్వరలో తెలియజేస్తాం' అంటున్నారు. నా కడుపులోది కూడా అదే అంటోంది, త్వరలో తెలియజేస్తానని!" అని ఐలా వైపు తిరిగింది. "మీరు పేపర్లో ఉన్నప్పుడైతే మీకు తెలిసేది ఐలా గారూ. అన్నీ అడిగేసేవారు."

ట్రీనా వెళ్లాక ఐలా లాప్‌టాప్ మూసింది. కోటు తగిలించుకుని, బొత్తాలు కూడా పెట్టుకోకుండా మంచులోకి వెళ్లిపోయింది. ఆసుపత్రికే వెళ్లిందని తర్వాత తెలిసింది.

"నేను రాయను," అందట క్రోస్‌తో. "మాటిచ్చాను కనక ఎవరికీ చెప్పను. మీరే చెప్పండి. ఇప్పుడే, ఉన్నదున్నట్టు."

క్రోస్ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది అంటుంది ఐలా. "చూడండి. ఎవరు రాసినా వార్డు మూతపడుతుంది. మీరు రాస్తే కాస్త గౌరవంగా మూతపడుతుంది. మీ ఊరివాళ్లకి ఆ మాత్రం గౌరవం దక్కనివ్వరా?"

"ఆ మాటలో కొంత నిజముంది. అందుకే ఇంకో మాట వినకుండా లేచి వచ్చేశాను," అని చెప్పింది నాతో.

కౌంటీ కమిషనర్ల సమావేశం ఫిబ్రవరిలో జరిగింది. గ్రంథాలయం బాయిలరు మరమ్మతు గురించి అడగడానికి నేనూ వెళ్లాను. భవనం కౌంటీది కాబట్టి ఏడాదికోసారి ఆసుపత్రి మేనేజరు వచ్చి నివేదిక చదవాలి. క్రోస్ చదివాడు. కొత్త ఎక్స్‌రే యంత్రం, పార్కింగు దీపాలు. వార్డు మాట లేదు. తర్వాత జనం మాట్లాడే సమయం. ఎవరైనా లేచి మూడు నిమిషాలు మాట్లాడవచ్చు. సాధారణంగా మంచు తోసే బండి తమ వీధికి ఆలస్యంగా వస్తోందని తిట్టడానికే లేస్తారు.

ఐలా లేచింది. పేపరు పోయాక ఆ హాల్లో ఆమె నోరు విప్పడం అదే మొదలు. చేతిలో కాగితం లేదు.

"నాకొకటే ప్రశ్న. జనవరి ఆఖరుదాకా మా లైబ్రరీ బోర్డు చూస్తూనే ఉన్నాను. ఏటా వచ్చే కాన్పు తరగతుల కాగితం రాలేదు. ఈ వసంతంలో తరగతులు ఎప్పుడు మొదలవుతాయి?"

అంతే. గదిలో విన్నది ఒక్క ముక్క కూడా లేదు అందులో. మాట ఇవ్వకముందు, బోర్డు ముందు నిలబడి తన కళ్లతో చూసింది మాత్రమే అడిగింది. క్రోస్ ఆమెను చూసిన చూపులో తప్పు పట్టడానికి ఏమీ దొరకని మనిషి అవస్థ కనిపించింది.

"తరగతుల వివరాలు... ఇంకా ఖరారు కాలేదు."

అధ్యక్షుడు కళ్లజోడు తీశాడు. "ఖరారు కాలేదంటే? ఉంటాయా, ఉండవా?"

"ప్రస్తుతం సేవలన్నిటినీ సమీక్షిస్తున్నాం."

వెనక వరసలోంచి ట్రీనా లేచింది. బస్సు డ్రైవర్ల జీతాల విషయమై తన యూనియన్ వాళ్లతో వచ్చింది. రెండు చేతులూ నడుముకు ఆనించుకుని నిలబడింది.

"సమీక్షలు నాకు తెలియవు సార్. నాకు మేలో కాన్పు. నొప్పులొస్తే ఎక్కడికి రావాలి? మీ దగ్గరికా, మార్కెట్‌కా?"

క్రోస్ కాగితాలు సర్దాడు, మళ్లీ సర్దాడు. అబద్ధం రికార్డులోకి ఎక్కించేంత గుండె అతనికి లేదు. అది అతని మంచితనమనే నేను రాస్తాను.

"మార్కెట్‌కి," అన్నాడు.

తర్వాత జరిగినదాన్ని గెలుపు అనలేను. కౌంటీ వాళ్లు బహిరంగ విచారణ పెట్టారు. జనం హాలు పట్టక మెట్ల మీద నిలబడ్డారు. నర్సులు యూనిఫారాల్లోనే వచ్చి తమకు చెప్పనందుకు ఏడ్చారు. కంపెనీ గడువు వేసవి చివరి వరకు పెంచింది. అంబులెన్సులో కాన్పు చేయగల నర్సు ఒకరుండాలని కౌంటీ ఒప్పించింది. ట్రీనా కూతురు ఆ వార్డులోనే పుట్టింది. సెప్టెంబరులో వార్డు మూతపడింది. తొట్టెలన్నీ ట్రక్కెక్కుతుంటే చూడ్డానికి వెళ్లినవాళ్లలో నేనూ ఉన్నాను, ఐలా కూడా ఉంది.

ఐలాను ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే మా ఊళ్లో శిక్ష. పరపతి సంఘం వాళ్లు ఈసారి పత్రిక తామే రాసుకుంటామన్నారు. పడవలవాడు ఫోను ఎత్తడం మానేశాడు. వ్యాపారుల సంఘం వార్షిక పుస్తకం రాసే పని ఎవరికి వెళ్లిందో తెలియదు. ఎక్కడా ప్రకటన లేదు కదా. క్రోస్ పని కట్టుకుని చెప్పాడని నేననుకోను. ఇలాంటి మాట పాకడానికి ఒక చర్చి, ఒక గోల్ఫు మైదానం, ఒక రోటరీ క్లబ్బు భోజనం చాలు. పరిచయాల దారిన వచ్చిన పని ఆ దారినే వెళ్లిపోయింది. ఐలా స్కూలు వంటగదిలో పొద్దుటి పనికి చేరింది. చెల్లెలి పాట మళ్లీ మొదలైంది, అద్దెకున్నవాళ్లు ఖాళీ చేశారని. ఐలా ఈసారి "వేలితో రాసినా" అనలేదు. "మంచు కరగనీ," అంది. ఆ మాట విన్నాక ఆమె వెళ్లిపోతుందనే అనుకున్నాను.

ఆ శీతకాలం ఒక మధ్యాహ్నం వంటగది పని ముగించుకుని వచ్చి అడిగింది. "లినెట్, ఇప్పుడు మార్కెట్ దారి గురించి ఎవరు రాస్తున్నారు?"

"దారి గురించి ఏం రాస్తారే?"

"నొప్పులతో వెళ్లేవాళ్ల కోసం."

ఎవరూ రాయడం లేదు. ఆమే రాసింది. ఎవరూ పురమాయించలేదు. మొదట బెర్నిస్‌ను కారులో ఎక్కించుకుని, మంచు పడుతున్న రోజున ఆ దారంతా వెళ్లి చూసింది. ఫోను సిగ్నలు ఎక్కడ పోతుందో, మళ్లీ ఎక్కడ తగులుతుందో, ఏ పెట్రోలు బంకు ఎప్పుడూ తెరిచి ఉంటుందో, కారు ఆపడానికి ఏ వంతెన దాటాక చోటుందో, నొప్పులు ఎంత దగ్గర దగ్గరగా వస్తుంటే ఇంక బయల్దేరకుండా అంబులెన్సును పిలవాలో. వైద్యం మాటలు బెర్నిస్ చూసింది. ఒక్క పేజీ. పైన శీర్షిక: 'ఈ ఊళ్లో కాన్పుల వార్డు మూసేశారు. నొప్పులొస్తే ఇలా చెయ్యండి.' ఆ 'మూసేశారు' అన్న మాటను కావాలనే పెద్ద అక్షరాల్లో వేసింది. కాన్పు తరగతుల కాగితం ఉండే చోటే గుచ్చాను. దానికి గడువు లేదు, పీకే పని లేదు.

మంచు కరిగింది. చెల్లెలికి ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు ఐలా.

ఏప్రిల్లో విస్కాన్సిన్ వైపు నుంచి ఒకావిడ వచ్చింది. మంత్రసాని పని చేస్తుందట, పేరు వెర్లా హూగ్. మా దగ్గర ఆగి దారి అడగబోయి, బోర్డు ముందు నిలబడిపోయింది. ఒకసారి చదివి, మళ్లీ మొదటినుంచి చదివింది.

"ఇది రాసింది ఎవరండీ?"

ఆ ప్రశ్న నేను ఐలా నోట ఎన్నోసార్లు విన్నాను. ఐలా కోసం ఇంకొకరు అడగడం మొదటిసారి. కిటికీ పక్క బల్ల చూపించాను. వెర్లా వెళ్లి ఎదురుగా కూర్చుంది.

"మా పక్క కూడా ఇలాంటిది కావాలి. మేం మంత్రసానులం, నర్సులం ఒక సంఘం పెట్టుకున్నాం. మా దారులు వేరు, మా నదులు వేరు. మీరొచ్చి చూసి రాయాలి. ఒక్క ఊరికి కాదు, నాలుగైదు ఊళ్లకి."

ఐలా వెంటనే ఔననలేదు. చేతికంటిన పిండి గోటితో గీక్కుంటూ అడిగింది. "మీ దగ్గరా మూసేశారా?"

"ఇంకా లేదు."

"మూస్తామని చెప్పారా?"

"చెప్పలేదు," అంది వెర్లా. "కాన్పు తరగతుల కాగితం రావడం ఆగిపోయింది."

ఐలా నా వైపు చూసింది. ఆ చూపులో సంతోషం లేదు. సంచి లాక్కుని పెన్ను తీసింది.

"మీ కమిషనర్ల సమావేశం ఎప్పుడు?" అని అడిగింది. "ముందు అక్కడికి పోదాం. దారి సంగతి తర్వాత రాద్దాం."